అమ్మకు చెప్పిన ఐరిష్ కథలు

1983లో విజయవాడలో గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు చదువుతున్న రోజుల్లో, ఏలూరు రోడ్డు మీది ఒక పాత పుస్తకాల దుకాణంలో బేరమాడి మూడు రూపాయలకు ఒక ఇంగ్లీషు కథల సంపుటం కొన్నాను. దానికి ముందు అట్ట లేదు. వెనక అట్ట జిగురు ఊడి వేలాడుతూ ఉంది. ఆ అట్ట మీద రచయిత గురించి నాలుగు వాక్యాలున్నాయి: ఐర్లండు దేశస్థుడనీ, కార్క్ అనే ఊళ్ళో పుట్టాడనీ, యౌవనంలో గ్రంథపాలకుడిగా పనిచేశాడనీ. సాహిత్యం మీద ప్రేమతో కాదు, మన ఉద్యోగం చేసినవాడే కదా, ఏం రాశాడో చూద్దామన్న స్వవృత్తి అభిమానంతో కొన్నానని ఒప్పుకోవాలి. లోపలి పుటలో రచయిత పేరు ఫ్రాంక్ ఓకానర్ అని ఉంది. ఆ పేరు అంతకుముందు నేను ఎక్కడా వినలేదు.

ఆ మరుసటి ఏడాది నెల్లూరు జిల్లాలో, సముద్రానికి అయిదారు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో నాకు ఉద్యోగం వచ్చింది. నాయన పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. అమ్మను తీసుకుని వెళ్ళి, గ్రంథాలయం వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం ఏడింటికి పత్రికలు మడిచి, బల్లలు తుడిచి, తాళం వేసుకుని ఇంటికి రాగానే అమ్మ అన్నం పెట్టేది. తిన్న తరవాత ఇద్దరికీ చేయడానికి పనేమీ ఉండేది కాదు. అమ్మకు చదువు రాదు, కానీ కథల పిచ్చి మెండు. వారపత్రికల్లోని సీరియళ్ళు నేను చదువుతుంటే వింటూ, తరవాతి వారం ఏం జరుగుతుందో ముందే చెప్పేది. నూటికి తొంభై సార్లు అది నిజమయ్యేది. సీరియల్ లేని ఒక సాయంత్రం, ఏం చదవాలో తోచక, ఆ అట్ట లేని పుస్తకం తీసి అందులో ఒక కథను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆ కథ పేరు 'ది డ్రంకర్డ్'.

కథలోని పిల్లవాడి పేరు వినగానే అమ్మ పకపకా నవ్వింది. "లారీ ఏందబ్బయా, బస్సు అని పెట్టకపోయారా?" అన్నది. తాగుబోతు తండ్రి కొన్నాళ్ళుగా చుక్క ముట్టకుండా ఉంటాడు. పొరుగింటి డూలీగారు చనిపోతే అంత్యక్రియలకు బయలుదేరుతాడు. చావు ఇంటి నుంచి తిరిగి వచ్చే దారిలో తాగుడు దుకాణం ఉంటుందని తెలిసిన తల్లి, మొగుడికి పగ్గంగా ఉంటాడని చిన్నవాణ్ణి వెంట పంపుతుంది. తండ్రి పోర్టర్ అనే నల్లటి బీరు గ్లాసు బల్ల మీద పెట్టుకుని, దాన్ని ముట్టకుండా ఎవరితోనో మాటల్లో పడతాడు. దాహంతో ఉన్న పిల్లవాడు ఆ గ్లాసు ఖాళీ చేస్తాడు. ఆ తరవాత జరగాల్సింది జరుగుతుంది: వాంతులు, గోడకు తగిలి నుదుటి మీద దెబ్బ, కేకలు. తాగిన కొడుకును తాగని తండ్రి ఇంటికి నడిపించుకుని వస్తుంటే, వీధిలోని ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడి వినోదం చూస్తారు. అక్కడికి వచ్చేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. మరునాడు పొద్దున తండ్రి పనికి వెళ్ళిపోయాక, తల్లి పిల్లవాడి పక్కన పడక మీద వాలిపోయి, వాణ్ణి ముద్దు పెట్టుకుని, నువ్వు మీ నాన్నను కాపాడిన దేవదూతవు అంటుంది. కథ అంతటితో అయిపోతుంది.

అమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మొగుడు గడప దాటిందాకా ఆగి చెప్పింది చూడు, అదీ ఆడదాని తెలివి. ఆయన ఎదురుగా ఆ మాటంటే మళ్ళీ ఆ రోజే పోతాడు తాగను" అన్నది.

నేను ఆ వాక్యం మీదుగా మూడు సార్లు నడిచి కూడా తండ్రి వెళ్ళిపోయాడన్న చిన్న మాటను పట్టించుకోలేదు. రైసుమిల్లులో గుమాస్తాగిరీ చేసే మా నాయన, జీతం రోజున సారా దుకాణం మీదుగా ఇంటికి వచ్చేవాడు. నన్ను కూడా చిన్నప్పుడు అమ్మ పగ్గంగా వెంట పంపేది. అది ఇద్దరికీ తెలుసు కనుక ఆ సంగతి మేం ఎత్తుకోలేదు. తరవాత 1992లో మా జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించి, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు, పత్రికలో ఆ వార్త చదివి వినిపిస్తే, అమ్మ అన్న మాట ఒక్కటే: "ఆ లారీ వాళ్ళ అమ్మ ఈ పని చేసుంటే బాగుండు."

ఓకానర్ జీవితం నాకు వెనక అట్ట మీది నాలుగు వాక్యాల నుంచి మొదలై, ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా తెలిసింది. అసలు పేరు మైకేల్ ఓడొనొవన్. 1903 సెప్టెంబరు 17న కార్క్ నగరంలో డగ్లస్ వీధిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్ దళంలో పనిచేసిన సిపాయి. బ్యాండు మేళంలో పెద్ద డోలు వాయించేవాడు. తాగితే ఇంటి సామాను కుదువ కొట్టుకు వెళ్ళేది. తల్లి మిన్నీ ఓకానర్ అనాథ. క్రైస్తవ సన్యాసినుల ఆశ్రమంలో పెరిగి, ఇళ్ళలో పనిమనిషిగా బతికింది. ఆ ఒక్కగానొక్క కొడుకు తన ఆత్మకథకు 'యాన్ ఓన్లీ చైల్డ్' అని పేరు పెట్టి, అందులో తన కథకంటే ముందు తల్లి కథ చెప్పాడు. ఆమె అనాథాశ్రమంలో పడ్డ పాట్లన్నీ ఆమె నోట విన్నవే. కలంపేరు ఎంచుకునేటప్పుడు కూడా తన రెండో పేరు ఫ్రాన్సిస్‌కు తల్లి పుట్టింటి పేరు తగిలించుకున్నాడు. ఈ కలంపేరు వెనక సర్కారీ కొలువు భయం ఒకటుంది. గ్రంథపాలకుడు కథలు రాస్తే, ఆ కథలు ఫాదిరీలకు నచ్చకపోతే, ఉద్యోగానికి ముప్పు వచ్చే రోజులవి. ఈ భాగం చదివినప్పుడు నాకు ఆయన మీద ఆప్యాయత ఇంకొంచెం పెరిగింది. కారణం గ్రంథాలయాల్లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. కానీ బడిలో ఒక అదృష్టం దొరికింది. డేనియల్ కార్కరీ అనే కుంటి ఉపాధ్యాయుడు, తానే మంచి రచయిత, ఒకరోజు నల్లబల్ల మీద ఐరిష్ భాషలో ఒక వాక్యం రాశాడు. ఐర్లండూ, ధైర్యం తెచ్చుకుని మేలుకో అని దాని అర్థం. అప్పటిదాకా అవ్వ మాట్లాడే ఆ భాష బడిలో బల్ల మీద రాయదగిన భాష అని ఆ పిల్లవాడికి తోచనే లేదు. మూలన కూర్చున్న ముసలిదాని నోట్లోని మాట ఒక్కసారిగా పుస్తకానికి ఎక్కినట్టయింది. తరవాత ఆయన జీవితమంతా ఈ రెండు పనులే చేశాడని నాకు అనిపిస్తుంది: ఒకటి నోటి మాటను కాగితం మీద పెట్టడం, రెండు ఐరిష్ పాత పద్యాలను ఇంగ్లీషులోకి తేవడం. ఈ రెండో పనిలో ఒక తమాషా జరిగింది. 18వ శతాబ్దపు ఐరిష్ కావ్యమొకదాన్ని, బ్రయన్ మెరిమన్ రాసిన 'నడిరాత్రి న్యాయస్థానం' అనే కావ్యాన్ని, ఆయన 1945లో ఇంగ్లీషులో అనువదిస్తే, అశ్లీలమని ఐర్లండు సెన్సార్ బోర్డు 1946లో నిషేధించింది. ఐరిష్ మూలం మాత్రం నిరాటంకంగా అమ్ముడుపోయింది. స్వభాషలో చదువుకుంటే చెడిపోనివాళ్ళు పరాయి భాషలో చదివితే చెడిపోతారని బోర్డువారి లెక్క కాబోలు.

1922, 23 సంవత్సరాల అంతర్యుద్ధంలో ఆయన బ్రిటన్‌తో ఒప్పందాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ల పక్షాన ఉన్నాడు. పట్టుబడి, కార్క్ జైలులో కొన్నాళ్ళు, గోర్మన్‌స్టన్ నిర్బంధ శిబిరంలో కొన్ని నెలలు గడిపాడు. కార్క్ జైలులో, చితకబాదిన ముఖంతో ఉన్న ఒక కుర్రవాణ్ణి చూశాడు. తరవాత ఆ కుర్రవాణ్ణి కాల్చి చంపారు. వీరమరణం, బలిదానం అనే పెద్ద మాటల మీద ఆయనకు మోజు తీరిపోయింది ఆ ముఖం చూసిన తరవాతనే. శిబిరంలో నిరాహారదీక్షకు అందరూ చేతులెత్తితే, ఆయన ఒప్పుకోని కొద్దిమందిలో ఒకడుగా మిగిలాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళ వయసు.

విడుదలయ్యాక ఆయనను ఆదుకున్నది గ్రంథాలయ వ్యవస్థ. స్లైగోలోనూ విక్లోలోనూ పని నేర్చుకుని, 1925లో కార్క్ జిల్లా గ్రంథపాలకుడయ్యాడు. 1928లో డబ్లిన్ నగరంలోని పెంబ్రోక్ గ్రంథాలయానికి వెళ్ళాడు. పల్లెల్లో పుస్తక కేంద్రాలు తెరవడానికి బయలుదేరితే, ఊరి ఫాదిరీ ఒప్పుకోనిదే పుస్తకాల పెట్టె దించడానికి చోటు దొరకని పరిస్థితి. కార్క్ నగరంలో కార్నెగీ గ్రంథాలయం 1920 డిసెంబరులో బ్రిటిష్ బలగాలు ఊరికి నిప్పు పెట్టిన రాత్రి కాలిపోయింది. అంతటి బూడిద మీద పుస్తకాలు పంచే పనికి దిగిన మనిషి అని తలచుకుంటే, పైకప్పు కారుతోందని జిల్లా కార్యాలయానికి నేను రాసిన అర్జీలు చిన్నబోయేవి. డబ్లిన్‌లో 'ఐరిష్ స్టేట్స్‌మన్' సంపాదకుడు జార్జ్ రస్సెల్ ఆయన రచనలను ప్రచురించాడు. 1931లో మొదటి కథల సంపుటం 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్' వచ్చింది. తరవాత కవి యేట్స్ పిలుపు మీద డబ్లిన్‌లోని అబీ నాటకశాల డైరెక్టర్ల మండలిలో చేరి, యేట్స్ పోయిన 1939లోనే బయటికి వచ్చేశాడు. మధ్యలో ఉద్యోగం మానేసి పూర్తిగా రచన మీద బతకడానికి తెగించాడు. అమెరికాలో 'న్యూయార్కర్' పత్రిక ఆయన కథలకు పెద్ద ఆసరా. హార్వర్డ్ లాంటి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పాడు. హైస్కూలు గడప తొక్కని ఈ మనిషికి 1962లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1966 మార్చి 10న డబ్లిన్‌లో పోయాడు.

ఈ వివరాలన్నిటికంటే నాకు ఎక్కువ పనికివచ్చింది ఆయన కథ రాసే పద్ధతి. మొదట తోచినదంతా చెత్తగా గిలికి, కథకు ఎముకల గూడు దొరికిన తరవాత, తిరగరాయడం మొదలుపెట్టేవాడు. కొన్ని కథలను యాభై సార్ల దాకా తిరగరాశానని ఒక సంభాషణలో చెప్పాడు. పత్రికలో అచ్చయ్యాక తిరగరాసేవాడు. పుస్తకంలోకి ఎక్కాక మళ్ళీ తిరగరాసేవాడు. 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్' కథకే రెండు రూపాలున్నాయి. అంత శ్రమా దేనికంటే, అచ్చులో పడి కథ పోగొట్టుకున్న మనిషి గొంతును దానికి తిరిగి ఇవ్వడానికి. రేడియోలో తన కథలను తానే చదివేవాడు కనుక, ఎక్కడ గొంతు తడబడుతుందో ఆయనకు చెవితో తెలిసేది. దీన్ని నేను సిద్ధాంతంగా చదవకముందే అనుభవంలో తెలుసుకున్నాను. చాలామంది ఇంగ్లీషు రచయితల కథలను అమ్మకు తెలుగులో చెప్పబోతే, రెండో పేరాలోనే నాలుక పిడచకట్టుకుపోయేది. వర్ణనలు దాటవేయాల్సి వచ్చేది. ఓకానర్ కథలో దాటవేయడానికి ఏమీ ఉండదు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన తండ్రి తన తల్లిని లాక్కున్నాడని చిన్నవాడు కక్ష కట్టే కథ 'మై ఈడిపస్ కాంప్లెక్స్'ను అమ్మ ఎన్నిసార్లు చెప్పించుకున్నదో లెక్క లేదు. కొత్తగా పుట్టిన తమ్ముడి దెబ్బకు తండ్రి కూడా తల్లి పక్క నుంచి దూరమై, పెద్దవాడి పడకలో చోటు వెతుక్కునే ఘట్టం ఆవిడకు ప్రాణం. ఆ కథ పేరులోని ఈడిపస్, తెలియక తల్లినే పెళ్ళాడిన గ్రీకు రాజని నేను చెప్పలేదు, చెప్పే ధైర్యమూ లేదు.

'ది లోన్లీ వాయిస్' అనే విమర్శ గ్రంథంలో ఆయన, నవలకు నాయకుడు కావాలి గాని, కథానికకు లోకం అడుగున పడి ఉన్న జనం కావాలి అంటాడు: గొగోల్ కథల్లోని గుమాస్తాలు, తుర్గేనెవ్ బానిస రైతులు, మొపాసా వేశ్యలు, చెహోవ్ వైద్యులూ బడిపంతుళ్ళూ. పండితులు ఈ సూత్రాన్ని ఒప్పుకోరు. నిజమే, లెక్క సరిపోని కథలు బోలెడు. అయినా రైసుమిల్లు గుమాస్తా కొడుకునైన నాకు ఆ జాబితాలో మొదటి మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

2017లో మా అమ్మాయీ అల్లుడూ కార్క్‌లో ఉద్యోగాలు చేస్తున్నప్పుడు, ఆరు వారాలు అక్కడ ఉండే అవకాశం కలిగింది. అమ్మ అప్పటికి లేదు. ఆ ఊరి నడుమ లీ నది రెండు పాయలుగా చీలి పారుతుంది. ఉత్తర ఒడ్డున వీధులు నిట్టనిలువుగా కొండెక్కుతాయి. బ్లార్నీ వీధి ఎక్కడం మొదలుపెట్టి, మధ్యలో రెండు చోట్ల గోడ పట్టుకుని ఆగాను. 'ది డ్రంకర్డ్'లో తండ్రి తాగిన పిల్లవాణ్ణి ఇంత ఎత్తు ఈడ్చుకుని వచ్చాడా, రెండు పక్కలా గుమ్మాలు ఇంత దగ్గరా అని అప్పుడు అర్థమైంది. ఇళ్ళ తలుపులు నేరుగా వీధిలోకే తెరుచుకుంటాయి. అరుగులు లేవు, వాకిళ్ళు లేవు. అక్కడ ఎవరి సంగతీ దాగదు. షాండన్ కొండ మీద సెయింట్ ఆన్ చర్చి గంటల గోపురం ఊరంతటికీ కనిపిస్తుంది; దానికి రెండు పక్కలు ఎర్రరాయి, రెండు పక్కలు తెల్లరాయి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు ఒకే సమయం చూపవని ఊరివాళ్ళు దాన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు. లోపలికి వెళ్ళినవాళ్ళు తాళ్ళు లాగి గంటలు మోగించవచ్చు. ఏ తాడు తరవాత ఏ తాడు లాగాలో అంకెలు వేసిన కాగితాలు పెట్టి ఉంచారు. మా మనవరాలు కాగితం చూడకుండా ఇష్టం వచ్చినట్టు లాగి, ఊరంతటికీ ఆ మధ్యాహ్నం తన సంగీతం వినిపించింది.

డగ్లస్ వీధిలో ఆయన పుట్టిన ఇంట్లో ఇప్పుడు ఒక సాహిత్య సంస్థ ఉంది. ఆయన పేరు మీద కథల సంపుటాలకు 2005 నుంచి 2015 దాకా ఒక అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. 2008లో అది ఝుంపా లాహిరికి వచ్చింది. ఇంటి ముందు నిలబడితే ఫోటో తీస్తానని అల్లుడు అన్నాడు. నిలబడ్డాను. చిన్న గుమ్మం, ఇరుకు వీధి. చూడటానికి అంతకుమించి ఏమీ లేదు. నాకు ఆ సమయంలో గుర్తుకు వచ్చింది ఆ ఇల్లు కాదు, 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్'లోని ముసలమ్మ ఇల్లు.

ఆ కథ నేను అమ్మకు చివరగా చెప్పినవాటిలో ఒకటి. విషాద కథలు వద్దంటుందేమోనని చాలా ఏళ్ళు దాన్ని దాటవేస్తూ వచ్చాను. ఐరిష్ తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన ఇద్దరు ఇంగ్లీషు సిపాయిలు, హాకిన్స్, బెల్చర్, పల్లెటూళ్ళో ఒక ముసలమ్మ ఇంట్లో బందీలుగా ఉంటారు. కాపలాదారులకూ వాళ్ళకూ రోజూ పేకాట. హాకిన్స్ నోరు మూయడు, దేవుడు లేడని రాత్రంతా వాదిస్తాడు. భారీ మనిషి బెల్చర్ మాట్లాడడు; ముసలమ్మ కట్టెలు కొడుతుంటే ఆమె చేతిలోంచి గొడ్డలి అందుకుని తానే కొట్టిపెడతాడు, ఆమె ఎటు వెళితే అటు వెనక నడిచి బరువులు మోస్తాడు. ఒక రాత్రి పైనుంచి ఆజ్ఞ వస్తుంది. అవతల తమవాళ్ళను చంపినందుకు బదులుగా ఈ ఇద్దరినీ బురద నేల చివరకు నడిపించి కాల్చేస్తారు. ఇంటికి వచ్చిన కాపలాదారులను ముసలమ్మ, వాళ్ళను ఏం చేశారని అడుగుతుంది. జవాబు ఉండదు. ఆమె గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడి జపమాల తీస్తుంది. కథ చెప్పే కుర్రవాడు బయటికి వచ్చి నక్షత్రాలను చూస్తూ నిలబడతాడు. ఆ తరవాత తన బతుకులో ఏం జరిగినా, మునుపటిలా ఎప్పుడూ అనిపించలేదన్న మాటతో కథ ముగుస్తుంది. ఓకానర్ గోర్మన్‌స్టన్‌లో తోటి ఖైదీలు చెప్పుకున్న మాటల్లోంచి ఏరుకున్న కథ ఇది.

ఆ చివరి వాక్యాన్ని తెలుగులో పెట్టడానికి నేను ముందే రెండు రోజులు కసరత్తు చేసి ఉన్నాను. ఎంత బరువుగా చెప్పాలో అంత బరువుగా చెప్పి, అమ్మ వైపు చూశాను. ఆవిడ ఆ వాక్యాన్ని విన్నదో లేదో తెలియదు.

"ఆ పెద్దాయన కొట్టిన కట్టెలు ఇంకా ఉండాయా అబ్బయా?" అన్నది.

ఏ కట్టెలు అని అడిగాను.

"ముసిల్దానికి కొట్టిపెట్టినాడన్నావే. తెల్లారితే పొయ్యి రాజెయ్యాల గదా. అవే గదా పెట్టాల్సింది."

పుస్తకం తిరగేసి ఆఖరి పుటలు మళ్ళీ చూశాను. ముసలమ్మ ఉంది, జపమాల ఉంది, పొయ్యి ఉంది. కట్టెల మాట అక్కడ లేదు. లేదమ్మా, రాయలేదు అన్నాను. అమ్మ లేచి, గుమ్మం దగ్గర ఆరబెట్టిన చింతపండు చాప మీదకు మంచు పడుతుందని లోపలికి లాగడానికి వెళ్ళింది.